గోడ మీది బారలు

మధ్యాహ్నం ఒంటిగంటా యాభై నిమిషాలకు డిటెక్టివ్ పద్మనాభయ్య తీర సర్వే ఆఫీసు కార్డుల గదిలో అడుగు పెట్టాడు. మూడింటికి పోలీసు లాంచి బయలుదేరుతుంది. ఆ లోపల చెంచురామయ్య నిర్దోషి అని తేల్చలేకపోతే అతన్ని హంతకుడిగా నెల్లూరు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. మిగిలింది డెబ్భై నిమిషాలు.

మూడు రోజులుగా పద్మనాభయ్యను చలిజ్వరం వదలలేదు. మింగిన క్వినైన్ చెవుల్లో సన్నగా హోరెత్తుతోంది. ఆ హోరేదో, కిటికీ బయటి సముద్రపు హోరేదో అతనికి విడిగా తెలియడం లేదు. మనుషుల మాటలు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు, కాస్త ఆలస్యంగా చెవిన పడుతున్నాయి. బల్ల మీద ఎవరో ఒక చిల్లుల కార్డును కిటికీకి ఆనించి పెట్టారు. ఎండ ఆ చిల్లుల్లోంచి జారి, ఎదుటి గోడ మీద చేప పొలుసుల్లా మెరుస్తోంది.

ఆ పొలుసుల కింద, నేల మీద, చేతులకు బేడీలతో కూర్చుని ఉన్నాడు చెంచురామయ్య. యాభై ఏళ్ళ మనిషి. ఎడమ మోచేయి పూర్తిగా చాచుకోదు. ఎప్పుడో తెరచాప కొయ్య విరిగి మీద పడ్డప్పుడు అలా వంకరగా అతుక్కుపోయింది.

"రావయ్యా, రా!" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హజరత్తయ్య, ఖాళీ కార్డుతో విసురుకుంటూ. "నిద్ర లేచి వచ్చినావా, నిద్రలోనే నడిచొచ్చినావా?"

"ఇంకా తేలలేదు హజరత్తయ్యగారూ. సంగతి ఒకసారి మొదటినుంచీ చెబుతారా?"

"ఎన్నిసార్లు చెప్పాలబ్బా!" అంటూనే చెప్పాడు ఇన్‌స్పెక్టరు. అతనికి తన కేసు తానే వినడం ఇష్టం.

గురువారం పొద్దున ఏడూ పదికి, ఇనుప గొట్టాలు నింపుకున్న పెద్ద లాంచి ఉప్పుటేరు మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట, దక్షిణప్పాయలో ఇసుక మేటకు తగిలి ఒరిగిపోయింది. లాంచి నడిపే సారంగు యెహోషువ దాని కింద పడి చనిపోయాడు. ఆ లాంచికి ఎనిమిది అడుగుల నీళ్ళు కావాలి. చుక్కాని పక్కన అంటించిన లోతుల కాగితం తొమ్మిది ఉన్నాయంది. తర్వాత పోలీసులు గడ వేసి చూస్తే ఏడు కూడా లేవు.

"ఆ లోతులు కొలిచి చెప్పింది వీడు. యెహోషువ లాంచి వీడి వలను రెండుసార్లు తెంచింది. రేవులో అందరి ముందరా వీడు ఆయన కాలర్ పట్టుకున్నాడు. ఇంకేం కావాలి?"

పద్మనాభయ్య చెంచురామయ్య ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"దక్షిణప్పాయలో ఎంతని చెప్పినావు?"

"ఒకటిన్నర బార అయ్యా."

"ఉత్తరప్పాయలో?"

"ఒక బార."

"ఎట్టా కొలుస్తావు?"

"గుండు కట్టిన తాడు దించుతా. అడుగు తగిలినాక పైకి లాగతా, రెండు చేతులూ చాచి బారలు పెడతా. మిగిలిన తాడు బారను మడిచినంత ఉంటే అర. అంతకు తక్కువైతే లెక్కలోకి తీసుకోను. నీళ్ళను తక్కువే చెప్పాలయ్యా, ఎక్కువ చెప్పకూడదు."

"రాసుకుందెవరు?"

"యెహోషువన్న. ఆ బుక్కు ఆయనతోనే పోయింది." చెంచురామయ్య తల వంచుకున్నాడు. "కాలర్ పట్టుకున్న మాట నిజం. మర్నాడు ఆయనే కొత్త నూలు తెచ్చిచ్చినాడు. ఇద్దరం కూచుని ఆ వల బాగు చేసుకున్నాం. అది ఎవురూ చూళ్ళా."

హజరత్తయ్య నవ్వాడు. "చూసినావా! మంచిదేదీ ఎవరూ చూడరు." జేబులోంచి ఒక కార్డు తీసి బల్ల మీద టపీమని పెట్టాడు. "ఇదీ సాక్ష్యం. ఇక్కడి సొరుగులోనే దొరికింది. అమ్మాయ్, ఈయనకు చదివి చెప్పు."

గది మూలన పంచింగ్ మెషిన్ ముందు కూర్చున్న పుష్పకుమారి లేచింది. ఇరవై రెండేళ్ళుంటాయి. తెల్ల చీర, నల్ల గడియారం, వేళ్ళ చివర్లు కాస్త మొద్దుబారి ఉన్నాయి. కార్డును చదవడానికి ఆమెకు పైన అచ్చయిన అక్షరాలు అవసరం లేదు. వెలుగుకు ఎదురుగా పట్టుకుని చిల్లులనే చదివింది.

"మొగ. అక్టోబరు తొమ్మిది. కొలత, సి.ఆర్. బార." కార్డు దించింది. "ఇది తలకార్డు సార్. లోతుల కార్డుల పెట్టెను మద్రాసులో పెద్ద మెషిన్‌కు ఇచ్చేటప్పుడు అన్నిటికన్నా ముందు దీన్ని పెడతాం. మెషిన్‌కి మనం చెప్పే హుకుం ఇదే."

"సి.ఆర్. అంటే?"

"చెంచురామయ్య. అదుగో." ఆమె గోడ వైపు చూపించింది.

అప్పటిదాకా ఎండమచ్చలే చూసిన పద్మనాభయ్యకు, వాటి వెనక ఉన్న సుద్దగీతలు నెమ్మదిగా కళ్ళకు ఆనాయి. ఛాతీ ఎత్తున ఐదు పొడుగాటి గీతలు, ఒకదాని కింద ఒకటి. ప్రతి గీత చివరా ఒక పేరు, ఒక అంకె. ఐదుగురు మనుషులు చేతులు చాచి గోడలోకి నడిచిపోతే మిగిలిన జాడల్లా ఉన్నాయవి. నాలుగు గీతలు తిన్నగా ఉన్నాయి. ఐదోది పొట్టిగా, ఎడమ చివర వంగి ఉంది. దాని పక్కన 'నాలుగున్నర అడుగులు' అని రాసి ఉంది.

"ఆదిశేషమ్మగారని మా వెనకటి ఆఫీసరు సార్. మెషిన్‌కి ఈ లెక్క నేర్పింది ఆమే. పడవవాళ్ళు బారల్లోనే చెబుతారు, ఒకరి బార ఇంకొకరి బార కాదు గదా అని, ఐదుగురినీ పిలిపించి గోడకు ఆనించి చేతులు చాపించి గీతలు గీసినారు. 'సి.ఆర్. బార' అని అక్షరాలు పోతే, మెషిన్ వాటిని అక్షరాలుగా ఉంచుకోదు. లోపల ఒక మనిషిగా మార్చుకుంటుంది. ఎవరు, ఆయన చేతులు ఎంత, అరకు ఎంత, అన్నీ కలిపి ఒకటిగా. లెక్క అయిపోయినాక మళ్ళా ఆ మనిషిని మాటల్లోకి మార్చి కాగితం నెత్తిన అచ్చేస్తుంది."

"మనం కార్డు మీద రాసిందే తిరిగి వేస్తుందా?"

"కాదు సార్. దానికి ఏం అర్థమయిందో అది వేస్తుంది. మనం పొరపాటున రాస్తే అక్కడ బయటపడాలని ఆమె అట్టా పెట్టినారు. తెలియని పేరు వస్తే అసలు లెక్కే చేయకుండా ఆగిపోతుంది. తెలియనప్పుడు ఊహించుకోకూడదని ఆమె పట్టు."

"విన్నావా?" అన్నాడు హజరత్తయ్య. "కార్డులో నాలుగున్నరడుగుల బార. కాగితంలో తొమ్మిదడుగులు. తొమ్మిదిని నాలుగున్నరతో భాగించు. రెండు! వీడు రెండు బారలని చెప్పి, ఇప్పుడు ఒకటిన్నర అంటున్నాడు. ఆఫీసు తప్పు లేదు, మెషిన్ తప్పు లేదు. తప్పు వీడి నోట్లో ఉంది."

పద్మనాభయ్య కార్డు చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు సగం మూసుకుని కార్డు అంచును బొటనవేలితో తడుముతున్నాడు. నాలుగు అంచులూ తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"పుష్పకుమారీ, మిగతా తలకార్డులు ఎక్కడుంటాయి?"

ఆమె సొరుగు లాగింది. మళ్ళీ మళ్ళీ వాడుకునేవి కాబట్టి తలకార్డులన్నీ అందులోనే ఉంచుతారు. పద్నాలుగున్నాయి. పద్మనాభయ్య ఒక్కొక్కటే అంచు తడిమాడు. పద్నాలుగింటికీ కుడి అంచున గోరంత గాటు ఉంది. ఇన్‌స్పెక్టరు జేబులోంచి వచ్చినదానికి లేదు.

"ఈ గాటు ఎవరు పెడతారు?"

"సరిచూసే మెషిన్ పెడుతుంది సార్. నేను కొట్టిన కార్డును మగ్దలీనమ్మక్క ఆ మెషిన్లో మళ్ళా మొత్తం కొడుతుంది. రెండూ ఒకటే అయితే దానంతట అదే గాటు పడుతుంది. గాటు లేనిది మద్రాసుకు పోదు."

"ఈ గాటులేని కార్డు నువ్వు కొట్టిందేనా?"

పుష్పకుమారి పెదవులు కదిలాయి. అంతలో గుమ్మంలో బూట్ల చప్పుడయింది. ఆఫీసరు ఓబులేసు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబుకు ఎర్రపెన్సిలు. అమ్మాయి చూపు ఆ పెన్సిలు మీద ఆగి, నేలకు దిగింది.

"నాకు తెలియదు సార్," అంది.

రెండూ యాభై. హజరత్తయ్య టోపీ పెట్టుకున్నాడు.

"హజరత్తయ్యగారూ, ఒక గంట ఆగండి. ఈ కార్డు ఎవరో తర్వాత కొట్టి పెట్టింది."

"కార్డుకు గాటు లేదని హంతకుణ్ణి వదిలేయమంటావా? నిన్న సాయంత్రం ఆరింటికి అరెస్టు చేసినా. ఇవాళ ఆరు లోపల మేజిస్ట్రేటుకు చూపించాలి. మనుబోలు రోడ్డు నడుంలోతు నీళ్ళలో ఉండాది. మొగ దాటి, సముద్రం అంచున రేవుకు పోయి, అక్కణ్ణించి జీపు. నీ గంట నేనెక్కడ తెచ్చేది?"

"దక్షిణప్పాయలో మునిగిన లాంచి అడ్డంగా ఉందిగా?"

"ఉత్తరప్పాయలో పోతాం. చిన్న లాంచి, ఐదడుగులు చాలు దానికి. కాగితంలో ఆరు ఉండాది. వీడూ ఒక బార అనే అన్నాడు. బారంటే ఆరడుగులని మా నాయన కాలంనించీ అందరికీ తెలుసు. అక్కడ మాత్రం నిజం చెప్పినట్టుండాడు."

"అయ్యా, నా బార..." అని లేచాడు చెంచురామయ్య.

"నడువ్!"

"మొగ దగ్గర ఒక్కసారి తాడు వేయించి చూడండి," అన్నాడు పద్మనాభయ్య.

"బేడీలు తీసి? చేపలాంటివాడు, ఏట్లో దూకితే పట్టుకోను నువ్వొస్తావా, ఆ జ్వరంతో?" హజరత్తయ్య నవ్వుకుంటూ గుమ్మం దాటాడు. గుమ్మంలో చెంచురామయ్య ఒక్కసారి వెనక్కి తిరిగి, గోడ మీది తన గీతను చూసుకున్నాడు.

మూడు గంటలకు లాంచి ఇంజను చప్పుడు మొదలయింది. డుబ్ డుబ్ మంటూ ఆ చప్పుడు పద్మనాభయ్య చెవుల్లోని హోరులో కలిసిపోయి, దూరమయింది.

ఓబులేసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంకేమయినా కావాలాండీ మీకు?"

"లోతుల కాగితం."

"మూడు కాపీలు. ఒకటి పెద్ద లాంచితో మునిగింది. రెండోది చిన్న లాంచిలో ఉంది. ఇదిగో మూడోది."

పద్మనాభయ్య కాగితం పరిచాడు. పై అంచు కత్తెరతో కత్తిరించి ఉంది. మెషిన్ తనకు అర్థమయిన కొలతను తిరిగి చెప్పే చోటు సరిగ్గా అదే.

"నెత్తి ఏమయింది దీనికి?"

"ఫైల్లో పట్టలేదు. కత్తిరించాను."

"మద్రాసుకు కార్డులు తీసుకుపోయింది ఎవరు?"

"నేనే. పదో తారీకు మెయిలు రైల్లో. లోతుల కార్డుల పెట్టెను తిరిగి పెద్ద లాంచిలో వేసి పంపాను. నీళ్ళలో నాని ముద్దయిపోయాయి. దానికి నేనేం చేసేది?"

గడియారం మూడూ పది చూపిస్తోంది. పద్మనాభయ్య అంకెల మీద వేలు పెట్టి కిందికి జరుపుతున్నాడు. ఆరు, పన్నెండు, పదిహేను, తొమ్మిది, ఇరవై ఒకటి, ఆరు... జ్వరంలో ఆ అంకెలు అలలమీద పడవల్లా లేచి పడుతున్నాయి. నలభై అంకెలు. నలభయ్యీ నున్నగా ఉన్నాయి. ఎక్కడా వేలికి ఏమీ గుచ్చుకోలేదు. గుచ్చుకోవలసింది ఏమిటో అతనికి అప్పుడు తట్టింది.

"పుష్పకుమారీ, మెషిన్ పావులూ ముప్పావులూ వేస్తుందా? లేక పూర్తి అడుగులేనా?"

"వేస్తుంది సార్. పాత కాగితాల్లో చూడండి, ఎన్ని ఉంటాయో."

"నాలుగున్నరలో సగం రెండుంబావు. చెంచురామయ్య అర బార అన్న ప్రతి చోటా పావో ముప్పావో రావాలి. ఒకటిన్నర బార అంటే ఆరూ ముప్పావు. ఈ నలభైలో ఒక్క పావు లేదు ఓబులేసుగారూ. అన్నీ మూళ్ళ లెక్కలో ఉన్నాయి. అర బారకు మూడడుగులు, బారకు ఆరు. కాగితంలోంచి వెనక్కి నడిస్తే చెంచురామయ్య చేయి కనపడటం లేదు. కనపడేది నౌకల పుస్తకాల్లో ఉండే ఆరడుగుల ఫాదం. తొమ్మిది ఒక్కటే రెండు లెక్కల్లోనూ ఇమిడింది. అది ఇన్‌స్పెక్టరుగారి కంటబడింది."

ఓబులేసు నవ్వబోయాడు. "అయితే ఈ అమ్మాయి కార్డు తప్పు కొట్టి ఉంటుంది."

ఆ మాటతో పుష్పకుమారి కుర్చీ వెనక్కి జరిగింది. ఆమె సంచిలోంచి నల్లట్ట కీర్తనల పుస్తకం తీసింది. దాని మధ్యలోంచి ఒక కార్డు తీసి, రెండు చేతులతోనూ పద్మనాభయ్యకు అందించింది.

"నేను కొట్టింది ఇదీ సార్. చెత్తబుట్టలో పడేసిన కార్డులు మేమందరం కీర్తనల పుస్తకాల్లో గుర్తుగా పెట్టుకుంటాం. ఇంటికి తీసుకుపోగూడదని సార్ మెమో ఇచ్చినారు. చెబితే ఉద్యోగం పోతుంది. మా నాయనకు చూపు లేదు, నా జీతమే..." ఆమె పుస్తకం మూసింది. "ఆయన వెనక్కి తిరిగి గోడ చూసినాడు సార్. ఇంక దాచలేను."

సి.ఆర్. బార. కుడి అంచున గోరంత గాటు. అడ్డంగా, మూలనుంచి మూలకు, ఎర్రపెన్సిలు గీత.

పద్మనాభయ్య ఆ గీతను ఓబులేసు వైపు తిప్పాడు.

"ఢిల్లీనుంచి పెద్దలు వస్తున్నారు," అన్నాడు ఓబులేసు చివరికి. గొంతులో కోపం కన్నా విసుగే ఎక్కువగా ఉంది. "దేశం రాకెట్లు ఎగరేస్తున్న రోజుల్లో, మన కాగితం నెత్తిన ఒక పడవవాడి వంకర చేతిని అచ్చేసి వాళ్ళ చేతుల్లో పెట్టమంటారా? నేను ఎమ్మెస్సీ చదివాను. ఏ పుస్తకమైనా తీయండి, బార అంటే ఫాదం, ఆరడుగులు. ఆవిడ గోడ మీద గీసిన బొమ్మల్ని నేను లెక్కలంటానా? ఫాదం మెషిన్‌కి ముందునుంచే తెలుసు, ఆ పేరుతో కార్డు కొట్టి మద్రాసులో అదే పెట్టాను."

"యెహోషువ చనిపోయాక సి.ఆర్. బార అని కొత్తది కొట్టి సొరుగులో పెట్టారు."

"పాతది ఎంత వెతికినా దొరకలేదు," అన్నాడు ఓబులేసు, అదొక్కటే తన దురదృష్టమన్నట్టు.

"ఉత్తరప్పాయలో ఆరు అని ఉందే, అది కూడా మీ ఆరేగా?"

ఓబులేసు గడియారం వైపు చూశాడు.

"అంటే నాలుగున్నర. ఆ లాంచికి ఐదు కావాలి. మీ ఎదుటే కదా హజరత్తయ్య చెప్పాడు! మనుషులు ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నారా?"

"అంతదూరం... ఆలోచించలేదు," అన్నాడు ఓబులేసు. అది అబద్ధమని అతని ముఖమే చెప్పింది. ఇప్పుడు కూడా అతని చూపు గడియారం మీదే ఉంది.

మూడూ ఇరవై ఎనిమిది. మూడూ నలభైకి సముద్రపు పాటు ముగిసి నీళ్ళు బాగా తగ్గిపోతాయి. లాంచి మొగ చేరేదీ అప్పుడే.

పుష్పకుమారి అప్పటికే గుమ్మం దాటింది. ఆఫీసు వెనక దిబ్బ మీద జెండాకొయ్య ఉంది. ఎర్రజెండా ఎగిరితే ఉన్న చోటే ఆగాలని సారంగులందరికీ తెలుసు. ఇసుకలో పరుగెత్తుతున్న తెల్లచీర వెనకే పద్మనాభయ్య వెళ్ళాడు. ఎంత నడిచినా దిబ్బ దగ్గరకు రావడం లేదు. ఎప్పుడు చేరాడో తెలియదు, చేరేసరికి జెండా పైన రెపరెపలాడుతోంది, తాడు లాగిన ఆమె అరచేతులు కందిపోయి ఉన్నాయి.

బైనాక్యులర్స్ కళ్ళకు పెట్టుకున్నాడు. ఎండ తగ్గిన సముద్రం పాలరంగులో ఉంది. మొగ దగ్గర తెల్లటి నురుగుగీత. దాని ముందు, బొమ్మంత లాంచి. దాని పొగ తెగింది. సారంగు జెండాను చూశాడు.

ఖాకీ టోపీ ఒకటి లేచి నిలబడి, దిబ్బ వైపు చేయి ఊపింది. ఏమిటి నీ గోల అన్నట్టుంది ఆ ఊపు. ఆగమన్న మాట తప్ప, ఎందుకు ఆగాలో చెప్పే జెండా ఏదీ పద్మనాభయ్య దగ్గర లేదు. లాంచి ఆగినా, సముద్రంలోకి తీసే పాటు దాన్ని కొద్దికొద్దిగా నురుగు వైపు ఈడుస్తోంది.

అప్పుడు లాంచి ముక్కున ఇంకో మనిషి లేచాడు. కట్టేసిన రెండు చేతులూ పైకెత్తి ఖాకీ టోపీ ముందు పట్టుకున్నాడు. విడదీయమని అడుగుతున్నాడు.

"తీయడు సార్," అంది పుష్పకుమారి, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని. "దూకుతాడని భయం ఆయనకు."

ఖాకీ టోపీ జెండా వైపు చూసింది. నురుగు వైపు చూసింది. కట్టిన చేతుల వైపు చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఎండలో ఏదో చిన్నది తళుక్కుమంది. తాళంచెవి.

చెంచురామయ్య దూకలేదు. వంగి తాడు అందుకుని, గుండును నురుగు గీతలోకి విసిరాడు. తాడు జారింది, ఆగింది. అతను దాన్ని పైకి లాగి, లాంచి ముక్కున నిటారుగా నిలబడి రెండు చేతులూ చాచాడు. కుడిచేయి తిన్నగా, ఎడమచేయి మోచేతి దగ్గర వంగి. ఆఫీసు గోడ మీది ఐదో గీత ఆకాశంలో లేచి నిలబడినట్టుంది. తాడు ఒక్కసారే అతని చేతుల మధ్య సాగింది. రెండోసారి సాగడానికి ఏమీ మిగల్లేదు.

అతను ఖాకీ టోపీ ముఖం ముందు ఒక వేలు చూపించాడు. తర్వాత చాచిన చేతులను అతని చేతుల పక్కన పెట్టి, ఎంత పొట్టివో చూపించాడు.

లాంచి వెనక నీళ్ళు తెల్లగా చిమ్మాయి. అది మెల్లగా వెనక్కి తిరిగింది.

బైనాక్యులర్స్ దించేసరికి పద్మనాభయ్య వెనక ఓబులేసు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఇస్త్రీ చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

"ఎంత?" అని అడిగాడు.

"ఒక బార," అంది పుష్పకుమారి, అతని వైపు తిరగకుండానే.

ఓబులేసు జేబులోని ఎర్రపెన్సిలు తీశాడు. దాన్ని ఏం చేయాలో తోచనట్టు అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. తిరిగొస్తున్న లాంచి చప్పుడు డుబ్ డుబ్ మని దగ్గరవుతోంది.

"నాలుగున్నర అడుగులు," అన్నాడు మెల్లగా.